స్కంక్‌ని పునుగుపిల్లి అనొచ్చా?

ప్రశ్న: మేం అరిజోనాలో ఉంటాం. మొన్న క్యాంపింగ్‌కి వెళ్తే రాత్రి టెంట్ దగ్గరికి చుక్కల స్కంక్ వచ్చింది. కిలో కూడా తూగదేమో. నల్లటి ఒళ్ళంతా తెగిపోయిన తెల్ల చారలు, తోక చివర తెల్లటి కుచ్చు. టార్చ్ వేయగానే ముందుకాళ్ళతో నేలని టపటపా కొట్టి, వెనకకాళ్ళు గాల్లోకి లేపి, ముందుకాళ్ళ మీదే నిలబడింది! మెల్లగా వెనక్కి జరిగాం. అమ్మకి ఫోన్‌లో చెప్దామంటే తెలుగు పేరు తట్టలేదు. ఒక యాప్‌లో ‘పునుగుపిల్లి’ అని చూపించింది. సరేనా?

జవాబు: అస్సలు కాదండీ. పునుగంటే మనకి పరిమళం. తిరుమలలో శుక్రవారం అభిషేకమయ్యాక స్వామివారికి పూసేది పునుగు తైలం. మీ స్కంక్ తోక కింది గ్రంథుల్లోంచి చిమ్మేది గంధకం ఉన్న థయోల్స్ అనే కంపు రసాయనాలు. గ్యాస్ లీకైతే తెలియాలని సిలిండర్లో కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ కూడా ఆ జాతిదే. పునుగు అంటే పునుగుకే అవమానం.

మరొకరు: కంపుపిల్లి అంటే పోలా? అది పిల్లి కాదుగా అనకండి, పునుగుపిల్లి మాత్రం పిల్లా ఏంటి!

ఇంకొకరు: బావుంది గానీ, కన్నడవాళ్ళ దగ్గర ఆ పేరు వాడకండి. వాళ్ళకి కంపు అంటే సువాసన.

మొదటి జవాబు రాసినవారు: మన దేశంలో స్కంకుల్లేవు. వాటి చుట్టాలు ఆసియాలో ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వైపే ఉన్నాయి. చూడని జంతువుకి పేరెలా పుడుతుంది? ఇంగ్లీషువాళ్ళు కూడా అమెరికా ఆదివాసుల అల్గాంక్వియన్ భాషల నుంచే ఆ మాట తెచ్చుకున్నారు. మనమూ స్కంక్ అనే అందాం. అర్థం కాకపోతే పక్కన ‘కంపు చిమ్మే జంతువు’ అని రాస్తే సరి.

ప్రశ్న వేసినవారు: థాంక్సండీ. ఈలోపు అమ్మే ఒకటి పెట్టేసింది. వీడియో కాల్‌లో అది నిలబడ్డ తీరు చూపించబోయి నేను మంచం మీద పడితే, “అయితే పిల్లిమొగ్గలేసే చుంచు అన్నమాట” అంది. చుంచెలుక కంపు తెలిసినావిడ కదా. కాకపోతే పిల్లిమొగ్గ అంటే దొర్లాలి. అది దొర్లలేదమ్మా, గురి చూసుకుంటోంది అన్నాను.