కొరియన్ కీర దోసకాయ కారం: నీళ్లు ఊరకుండా ఎలా?

ప్రశ్న (సీతమ్మధార, విశాఖ): కొరియావాళ్ల ఓయి ముచిమ్ (కారం పట్టించిన కీర ముక్కలు) కలిపిన పది నిమిషాలకే గిన్నె అడుగున నీళ్లు చేరుతున్నాయి. గోచుగారు (కొరియన్ మిరప పొడి) బదులు గుంటూరు కారం వేస్తే నోరు మండిపోతోంది. నువ్వుల నూనె వేసినా ఆ కమ్మని వాసన రావట్లేదు. ఎక్కడ తప్పండీ?

జవాబు 1: నీళ్లకు కారణం ఉప్పేనండి, ముక్కల్లోని తడిని బయటికి లాగుతుంది. ఆ పని ముందే కానివ్వాలి. రైతు బజార్లో లేత, సన్న కీరకాయలు రెండు (400 గ్రాములు) తీసుకుని, కొన కొరికి చేదు చూసి, అర సెంటీమీటరు మందాన చక్రాలు కోయండి. చెంచా ఉప్పు పట్టించి 20 నిమిషాలు ఉంచండి. కడక్కుండా గుప్పిట్లో గట్టిగా పిండండి. మరీ పల్చగా కోస్తే పిండేటప్పుడు చితికిపోతాయి.

తర్వాత రెండు వెల్లుల్లి రెబ్బల తురుము, చెంచా సోయా సాస్, రెండు చెంచాల వెనిగర్, చెంచా పంచదార, ఉల్లికాడలు కలపండి. ఉప్పు మళ్లీ వద్దు, సోయాలో ఉంది.

జవాబు 2: గుంటూరు కారం దీనికి నప్పదు. గింజలు తీసిన బ్యాడిగి మిరపకాయల్ని బరకగా దంచి మూడు చెంచాలు వేయండి, రంగు బాగుంటుంది, మంట తక్కువ. కొరియన్ నూనె వేయించిన నువ్వులతో తీస్తారు, మన గానుగ నూనె పచ్చి నువ్వులది. అందుకే రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి, నలిపి చివర్లో చల్లండి.

జవాబు 1: అవునండి. విశాఖ ఉక్కపోతలో బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లోనైనా మర్నాటికి కరకర పోతుంది, ఏ పూటకాపూట కలుపుకోండి.