సెట్ అయిందా, కుదిరిందా?

‘సెట్’ అనే ఇంగ్లీషు మాటకి తెలుగులో ఒక్క మాట చెప్పండి, అనువాదంలో ఇరుక్కుపోయా అని నిన్న ఒక చెల్లెలు అడిగింది.

ఒక్క మాట దొరకదమ్మా. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో ఆ క్రియకే 430 పైచిలుకు అర్థాలున్నాయి. అవన్నీ మనకెందుకు గానీ, మా నెల్లూరు వైపు పొద్దున లేస్తే వినిపించేవి చూద్దాం.

ఆమధ్య కోవూరులో మా ఇంటి పైన గది వేయించాం. పొద్దున శ్లాబు పోశారు. సాయంత్రం నేను ఉత్సాహంగా నీళ్ళ పైపు పట్టుకొని మెట్లెక్కబోతే మేస్త్రీ ఆపాడు. “ఇంకా సెట్ కాలా సార్, ఇప్పుడే నీళ్ళు కొట్టమాకండి.” కింద నుంచి మా అమ్మ, “బిగుసుకోలేదంటుండాడు గదా, దిగిరా” అంది. ఆమె అనువాదం చేస్తున్నానని కూడా అనుకోలేదు. నేనైతే ‘ఆరలేదు’ అని రాసి ఉండేవాణ్ణి, తప్పయ్యేది. సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్ళతో కలిసి లోపల జరిగే చర్య వల్ల గట్టిపడుతుంది. మామూలు సిమెంటు అరగంట లోపల బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 10 గంటల్లోపు పూర్తిగా బిగుసుకోవాలి, ఇదీ మన దేశంలో దానికి పెట్టిన ప్రమాణం. కాబట్టి అమ్మ మాటే ఖాయం.

అదే రాత్రి మా పాప, “నానమ్మా, పెరుగు సెట్ అయిందా?” అంటే అమ్మ గిన్నె కొంచెం వంచి చూసి, “తోడుకుందిలే” అంది. ఇంగ్లీషు వాడికి సిమెంటైనా పెరుగైనా సెట్టే. మనకి సిమెంటు బిగుసుకుంటుంది, పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది. సూర్యుడూ వాడికి సెట్ అవుతాడు, మనకి పొద్దు గూకుతుంది.

వాడికి అన్నిటికీ ఒకే మాట ఎట్టా సరిపోయిందంటే, పాత ఇంగ్లీషులో దాని అర్థం ‘కూర్చోబెట్టడం’. ‘సిట్’కి చుట్టం. ఇక గాజుల సెట్టు, సెట్ దోశ, వీటిలోది నామవాచకం, దాని పుట్టుక వేరు. లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, అంటే మతాల్లో చీలికలకి వాడే ‘సెక్ట్’కి తోబుట్టువు. పలకడం ఒకటే కావడంతో రెండూ కలగలిసిపోయాయి. ఎంసెట్‌లో సెట్ ఈ రెండూ కాదు, ఉత్త పొడి అక్షరాలు!

ఈ కూర్చోబెట్టడం అనే భావం దగ్గర నాకు మా అమ్మమ్మ వాళ్ళ వంటింట్లో కడవ గుర్తొస్తుంది. అడుగు గుండ్రంగా ఉంటుంది గదా, నేల మీద పెడితే దొర్లుతుంది. అందుకని ఎండుగడ్డిని చుట్టలా పేని దాని మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఆ చుట్ట పేరు కుదురు. కడవ కదలకుండా కూర్చుంటే కుదిరినట్టు. సంబంధం కుదిరింది, బేరం కుదిరింది, చేపల పులుసులో ఉప్పూ పులుపూ కుదిరాయి అన్నప్పుడల్లా నాకు ఆ గడ్డి చుట్టే కనిపిస్తుంది. ఇప్పుడు వీటన్నిటికీ మన పిలకాయలు ‘సెట్ అయింది’ అంటున్నారు. ‘సెట్’కి దగ్గరి మాట ఏదన్నా ఉంటే అది ‘కుదురు’ అనే నేనంటాను.

ఒంగోలు నుంచి ఒక మాస్టారు కింద కామెంట్లో అడిగారు: “అంటే ఇక సెట్ అనే మాట వాడొద్దంటారా?”

అయ్యో, అట్టా అనలేదు మాస్టారూ. రెండిటికీ తేడా వచ్చేసింది. ఫలానా ఆయన సంబంధం కుదిర్చాడంటే పెళ్ళిలో ఆయనకి ముందు వరసలో కుర్చీ వేస్తారు. అదే ఫలానా వాడు పిల్లని సెట్ చేశాడంటే పిల్ల తండ్రి వాణ్ణి వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఆఫీసులో ‘పని సెట్ చేశా’ అన్నా అంతే, ఎవరికో ఏదో ముట్టజెప్పిన వాసన తగులుతుంది. ‘కుదరదు’ అంటే తలుపు మూసేసినట్టు, ‘నాకు సెట్ కాదన్నా’ అంటే నొప్పించకుండా తప్పుకున్నట్టు. మొహమాటస్తులకి ఆ రెండోది బాగా పనికొచ్చింది. నేనూ వాడతా.

ఇక చెల్లెలు ఇరుక్కున్న వాక్యం. డాక్టరు విరిగిన ఎముకని సెట్ చేశాడట. దానికి ఇద్దరు కామెంట్లలో ‘అతికించాడు’ అని రాశారు. అది సరిపోదు. డాక్టరు పక్కకి జరిగిన ఎముకని దాని చోటికి తెచ్చి కదలకుండా కట్టు వేస్తాడు, అంతవరకే. ఆ తర్వాత అతుక్కోవడం ఎముక పని, దానికి వారాలు పడుతుంది. ‘ఎముక సరిచేసి కట్టు కట్టాడు’ అని రాయమ్మా. పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చిన వాళ్ళు మన జిల్లాలో ఊరికొకరుంటారు, వాళ్ళకి అర్థం కాకపోతే నన్నడుగు.