‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నది నికోలో కాంటీయేనా?

తెలుగు భాషా దినోత్సవానికి మా అమ్మాయి బడిలో మాట్లాడాలి. తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అని ఇటలీ యాత్రికుడు నికోలో కాంటీ మెచ్చుకున్నాడని మనమంతా చెప్పుకుంటాం కదా, ఆ మాట ఏ పుస్తకంలో ఉందో ఎవరైనా చెప్పగలరా?

*

నేనూ దీనికోసం చాలా రోజులు వెతికానండి. కాంటీ స్వయంగా ఏమీ రాయలేదు. పాతికేళ్లు ఆసియా తిరిగి 1444 ప్రాంతంలో ఇటలీ చేరాక, ప్రాణభయంతో దారిలో మతం మారినందుకు పోప్‌ను క్షమాపణ అడిగాడు. అప్పుడు తన ప్రయాణాన్ని పోప్ కార్యదర్శి పోజ్జోకు చెబితే, ఆయన లాటిన్‌లో రాసిపెట్టాడు.

దాని ఇంగ్లీషు అనువాదం చదివాను. విజయనగరం ఉంది, పేరు ‘బిజెనెగలియా’, చుట్టుకొలత 60 మైళ్లు. తెలుగు ఊసే లేదు. భాషల గురించి ఉన్నది, ఇక్కడ చాలా భాషలున్నాయన్న ఒక్క ముక్క. పైగా భారతీయులు పైనుంచి కిందికి నిలువుగా రాస్తారట! తాటాకు మీద మన అక్షరం ఎలా సాగుతుందో చూసినవాడు అలా చెప్పడు. అది మన శ్రీనాథుడి కాలం కూడాను.

పోలిక మాత్రం చక్కనిదే. మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. ఇటాలియన్‌లోనూ రొట్టె ‘పానె’, నీళ్లు ‘ఆక్వా’, అచ్చుతోనే ఆగుతాయి.

కాంటీ గొప్పతనం వేరే చోట ఉందండి. పాతకాలపు గ్రీకు భూగోళ పండితుడు టాలెమీ లెక్కన హిందూ మహాసముద్రం చుట్టూ నేల ఉన్న పెద్ద చెరువు లాంటిది. 1450 ప్రాంతంలో వెనిస్‌లో ఫ్రా మౌరో అనే క్రైస్తవ సన్యాసి గీసిన ప్రపంచ పటంలో ఆ సముద్రం దక్షిణాన తెరుచుకుంది. అందులో తూర్పుదేశాల గురించి చాలా వివరాలు కాంటీ చెప్పినవే. ఆయన వల్ల ఒక చిక్కూ వచ్చింది. మన ‘తామ్రపర్ణి’ గ్రీకుల నోట ‘తప్రొబానె’ అయింది, అంటే లంక. కాంటీ ఆ పేరును సుమత్రాకు తగిలించాడు. తర్వాత చాలాకాలం పటాల్లో ఆ పేరు రెండు ద్వీపాల మధ్య ఊగిసలాడింది.

*

చాలా థాంక్సండీ. కాంటీ పేరు తీసేసి ‘అంటారు’ అని రాసుకోమన్నాను. అజంతం సంగతి దానికి బాగా నచ్చింది, ఇంట్లో ప్రతి మాటా సాగదీసి చివర అచ్చు వెతుకుతోంది. ‘పొలం’, ‘కలం’ దగ్గర ఆగిపోయింది. సున్నా సంగతేంటని అడుగుతోంది.

*

‘పొలము’, ‘కలము’ అని పలికి చూడమనండి.