మూడో అడ్డవీధి: రోడ్డు ఎత్తు పెంచాలా, పూడిన వంకను తెరవాలా?

పల్లపు వీధి:
తిరుపతి పడమటి శివారులోని మన కాలనీలో మూడో అడ్డవీధికి మళ్లీ సిమెంటు రోడ్డు వేయించాలని గత ఆదివారం సమావేశంలో తీర్మానించారు. పాత రోడ్డును తవ్వకుండా, దాని మీదనే తొమ్మిది అంగుళాల మందాన కొత్తది పోస్తారట. దీనికి నేను ఒప్పుకోను. మేము ఇల్లు కట్టుకున్న కొత్తలో వీధిలో నుంచి మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లం. రెండుసార్లు రోడ్డు పెంచాక ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళుతున్నాం. 2021 నవంబరు వానల్లో నీళ్లు మా ఇంట్లోకి గుమ్మం దాటి రాకముందే స్నానాలగది తూములో నుంచి పైకి తన్నుకొచ్చాయి. బియ్యం డబ్బా తేలిపోయి వంటింటి తలుపుకు అడ్డం పడింది. మా అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్టు మీద ఆ మురుగు మరక ఇప్పటికీ ఉంది. వీధి చివర పూడిపోయిన వంకను, అంటే వాననీరు పారే వాగును, తెరిచిన తరువాతనే రోడ్డు సంగతి మాట్లాడాలని నా మనవి.

మిట్ట వీధి:
మేడమ్ గారి కష్టం నాకు తెలియనిది కాదు. అయితే అదే నవంబరులో మా నాన్నగారికి డయాలసిస్ ఉన్న రోజున ఈ వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచి, అంబులెన్సు మలుపు దగ్గరే ఆగిపోయింది. నేనూ మా తమ్ముడూ ఆయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లాం. రోడ్డు ఎత్తుగా ఉండాలని నేను అడగడానికి కారణం అదే. పైగా తొమ్మిది అంగుళాలు అన్న మాట తప్పు. తీర్మానంలో రాసింది ఆరు అంగుళాలు.

పల్లపు వీధి:
ఆరు అంగుళాల సిమెంటు కింద మూడు అంగుళాల కంకర పరుపు ఉంటుంది. రెండూ కలిపితే తొమ్మిదే.

మిట్ట వీధి:
కంకరను పాత గుంతలు పూడ్చడానికే వాడతారు. దానిని ఎత్తులో కలపకూడదు.

కొత్త అద్దెదారు:
ఆరైనా తొమ్మిదైనా, కింద పార్కింగులో ఉన్న మా రెండు బళ్లు మునుగుతాయి.

విశ్రాంత ఓవర్సీరు:
అంగుళాల లెక్క తరువాత చూద్దాం. ముందు నీటి దారి చూడండి. శేషాచలం కొండల మీద కురిసిన వాన ఉత్తరం నుంచి దక్షిణానికి దిగి స్వర్ణముఖిలో కలవాలి. దాని దారిలోనే ఊరు పెరిగింది. వెనుకటివాళ్లు ఆ దారి పొడవునా గుంటలూ చెరువులూ తవ్వి, ఒకటి నిండాక పొర్లే మొరవ నీళ్లు వంకలో పడి కిందిదానికి చేరేలా చూసుకున్నారు. కొర్లగుంట, కేశవాయనగుంట, తాతయ్యగుంట అన్న పేర్లు ఊరికే రాలేదు. ఒక ఎకరం నేల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 4 లక్షల లీటర్ల నీరవుతుంది. మట్టి నేలైతే అందులో కొంత ఇంకుతుంది. స్లాబులూ సిమెంటు వీధులూ అయితే దాదాపు మొత్తం ఒక్కసారిగా పల్లానికి ఉరుకుతుంది. ఆరడుగుల లోతున్న ఎకరం గుంట 70 లక్షల లీటర్లకు పైగా ఆపుకోగలదు. దానిని పూడ్చి, బదులుగా రెండడుగుల కాలువ కట్టి, ఆ కాలువలోకే ఇళ్ల మురుగునీరు కూడా వదిలితే, వానకు ముందే అది సగం నిండి ఉంటుంది. మేడమ్ గారి స్నానాలగదిలోకి నీళ్లు ఎదురెక్కడానికి కారణం ఇదే. రోడ్డు పెంచినంత మాత్రాన ఒక్క లీటరు కూడా తగ్గదు. నీళ్లు నిలిచే చోటు మారుతుంది, అంతే.

మిట్ట వీధి:
సార్, 2021లో పడినది మామూలు వాన కాదు. లక్ష్మీపురం కూడలి, ఆటోనగర్ మునిగాయి, కపిలతీర్థంలో మండపం దెబ్బతింది, రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అటువంటి వానకు వంక తెరిచినా ఆగదు.

కొర్లగుంట నివాసి:
ఆ ఏడాది అక్టోబరులో వెస్ట్ చర్చి రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్లలో వాహనం చిక్కుకుని ఒక ఆడబిడ్డ ప్రాణం పోయింది. నవంబరు వానలు అప్పటికి ఇంకా రానేలేదు.

పల్లపు వీధి:
పెద్ద వాన సంగతి అలా ఉంచండి. ఇప్పుడు ఒక గంట గట్టిగా కురిస్తే చాలు, మా గడప తడుస్తోంది. పోయిన ఏడాది ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల్లో నాలుగుసార్లు మోటారు పెట్టి తోడించాను. కరెంటు బిల్లు నాది, మోటారు అద్దె నాది, పై వీధి నీళ్లు మాత్రం అందరివీ.

మిట్ట వీధి:
గుంట నేలలో చవకగా వస్తోందని స్థలం కొన్నది మీరు. దానికి పై వీధివాళ్లం మేమెలా బాధ్యులం?

పల్లపు వీధి:
ఈ మాట మీ నోట వస్తుందనుకోలేదు. మీదీ మాదీ ఒకే లేఅవుట్, ఒకే సర్వే నంబరు. బ్యాంకు మీకు అప్పిచ్చిన కాగితాలే మాకూ ఇచ్చింది. వీధి చివర వంక పూడింది అంటున్నాను గానీ, దాని మీద ఎవరి కాంపౌండు గోడ ఉందో ఇంతవరకు నేను పేరు పెట్టి చెప్పలేదు. చెప్పమంటారా?

కొత్త అద్దెదారు:
దయచేసి ఇద్దరూ శాంతించండి.

మిట్ట వీధి:
చెప్పనక్కరలేదు. అది నా గోడే. నేను కొనేనాటికే అక్కడ వంక అన్న ఆనవాలు లేదు, చదును చేసి ఉంది. 2017 నాటి భవన నిబంధనల ప్రకారం వంక అంచు నుంచి కొంత దూరం వదలాలని నాకు తరువాత తెలిసింది. ఇప్పుడు కొలత వేసి కాగితం మీద వంక అని గీత గీస్తే, గోడతో పాటు మా వంటగది కూడా ఆ గీతలోకి వస్తుంది. వచ్చే వేసవిలో మా అమ్మాయి పెళ్లికి ఈ ఇల్లు అమ్మాలనుకుంటున్నాను. గీత పడిన ఇంటిని ఎవరు కొంటారు? నేను రోడ్డు పట్టుకుని వాదించడానికి ఇదీ ఒక కారణమే. నాన్నగారి విషయం కూడా అబద్ధం కాదు.

విశ్రాంత ఓవర్సీరు:
ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే అంగుళాల మీద ఇంత కాలం పోయేది కాదు. గోడ పడగొట్టకుండా కూడా కొంత చేయవచ్చు. గోడ అడుగున మూడడుగుల తూము పెట్టి, వీధి చివర పూడిక తీసి, మురుగును వాననీటి కాలువలో నుంచి వేరు చేస్తే మామూలు వానలకు సరిపోతుంది. రోడ్డు వేయవలసి వస్తే పాతది తవ్వి తీసిన తరువాతనే, అదే మట్టానికి వేయాలి. అయితే ఆ స్థలం రికార్డుల్లో వంక పోరంబోకుగా ఉంటే, తూముతో చట్టపరమైన చిక్కు తీరుతుందని నేను మాట ఇవ్వలేను.

పల్లపు వీధి:
మీ అమ్మాయి పెళ్లికి నేను అడ్డం రాను. తూముకు మీరు ఒప్పుకుంటే, నా వంతు ఖర్చు నేను పెట్టుకుంటాను. రోడ్డు మాత్రం పాత మట్టానికే.

మిట్ట వీధి:
తూముకు అభ్యంతరం లేదు. పాతది తవ్వి వేస్తే నీళ్లు నిలవవని సార్ లెక్క వేసి చూపించేదాకా తీర్మానం వెనక్కి తీసుకోను.

విశ్రాంత ఓవర్సీరు:
ఆదివారం ఉదయం ఎత్తుపల్లాలు కొలిచే మట్టం గొట్టం తీసుకొస్తాను. మేడమ్ గారి గడప దగ్గర మొదలుపెట్టి మీ గోడ దాకా కొలుద్దాం. ఇద్దరూ ఉండండి.