మెకానికల్ సీలు పదేపదే కారుతోంది: లోపం సీలుదా, బేరింగుదా?

ప్రశ్న (గాజువాక నుంచి):
నమస్కారం. మా వర్క్‌షాపులో నిమిషానికి 1,480 చుట్లు తిరిగే ఉప్పునీటి పంపు ఉంది. తిరిగే ఇరుసు (షాఫ్టు) వెంట నీరు బయటికి రాకుండా ఆపే మెకానికల్ సీలును ఈ ఏడాది మూడుసార్లు మార్చినా, కొన్ని వారాలకే మళ్లీ నీరు కారుతోంది. షాఫ్టును మోసే బేరింగు అరుగుదలను ముందుగా కనిపెట్టే మార్గం ఉందా?

జవాబు 1:
అయ్యా, సీలును నిందించే ముందు షాఫ్టును చూడండి. సీలులో ఒకదానిపై ఒకటి ఆనుకుని తిరిగే కార్బన్, సిలికాన్ కార్బైడ్ ముఖాల మధ్య ఉండే నీటి పొర మందం సుమారు ఒకటి రెండు మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కనుక, బేరింగు అరిగి షాఫ్టు ఊగితే ఎంత మేలైన సీలైనా నిలవదు. సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజీ పెట్టి షాఫ్టును చేత్తో పైకీ కిందికీ కదిపి చూడండి. సీలు దగ్గర ఊగు 0.05 మిల్లీమీటర్లు దాటితే ముందు బేరింగునే మార్చాలి.

జవాబు 2:
పై మాట నిజమే, అయితే గేజీ కోసం పంపు ఆపాలి. నడుస్తుండగానే తెలియాలంటే బేరింగు హౌసింగుపై (దాని బయటి గూడుపై) కంపనాన్ని కొలిచే యాక్సిలరోమీటరు అమర్చండి. బయటి రింగులో గుంట పడితే, ప్రతి గోళం దాని మీదుగా వెళ్లినప్పుడల్లా చిన్న దెబ్బ పుడుతుంది. గోళాల సంఖ్యను సెకనుకు తిరిగే చుట్లతోనూ 0.4తోనూ గుణిస్తే ఆ దెబ్బల లెక్క ఇంచుమించుగా వస్తుంది. మీ బేరింగులో 9 గోళాలుంటే సెకనుకు దాదాపు 89. నా అనుభవంలో ఈ సంకేతం నీరు కారడానికి చాలా ముందే కనబడింది.

జవాబు 3:
ఓడల పనివాడిగా ఒక మాట. ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి ఎంత దిగిందో డ్రైడాకులో (ఓడను నీరు లేకుండా నిలిపి మరమ్మతు చేసే చోట) వేర్‌డౌన్ గేజీ అనే అరుగుదల కొలిచే సాధనంతో కొలిచి, పాత కొలతతో పోలుస్తాము. మీరూ ప్రతి కొలతను తేదీతో రాసిపెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఈ ఉదయం కొలిస్తే ఊగు 0.12 మిల్లీమీటర్లు వచ్చింది. బేరింగులు విప్పుతున్నాము.