సమస్యాపూరణం: ఒక్క రోడ నెల్ల రోడినారు

సమస్య (ఆటవెలది, నాలుగో పాదం):
ఒక్క రోడ నెల్ల రోడినారు

నిర్వాహకుడు: ఒక్కరు ఓడితే ఎల్లరూ ఓడారట. ఒకరు ఓడారంటే ఎదుట ఇంకెవరో గెలిచి ఉండాలి కదా, మరి అందరూ ఎలా ఓడతారు? చిక్కు అదే. ఈసారి విషయం సినిమా ఆధారంగా వచ్చిన బోర్డ్ గేమ్, అందులోనూ ఇంటిల్లిపాదీ ఒకే జట్టుగా ఆడేది. ఉదాహరణకు 2020లో ఫంకో గేమ్స్ తెచ్చిన 'బ్యాక్ టు ద ఫ్యూచర్: బ్యాక్ ఇన్ టైమ్' తీసుకోండి. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు. మార్టీ, డాక్, జెన్నిఫర్, ఐన్‌స్టైన్ అనే కుక్క, ఎవరి పావు వాళ్లది. సినిమాలోలాగే గడియార స్తంభం మీద 10:04కి పిడుగు పడేలోగా కాలంలో ప్రయాణించే కారు సిద్ధం కావాలి, మార్టీ అమ్మానాన్నలు ప్రేమలో పడాలి, మధ్యలో బిఫ్ అనే రౌడీ అడ్డుపడుతూనే ఉంటాడు. ఏ పని మిగిలిపోయినా జట్టంతా ఓడినట్టే. ఇక కానివ్వండి.

మొదటి పూరణ:

గంట కొట్టు మునుపె కారు నడుపలేక
మార్టి యాగిపోయె మధ్యలోన
కలిసి వచ్చినట్టి ఘనమైన జట్టులో
ఒక్క రోడ నెల్ల రోడినారు

నిర్వాహకుడు: అమ్మా, గణాలు సరిపోయాయి, గం-కా యతి చక్కగా కుదిరింది. మూడో పాదమే ఇబ్బంది. 'జట్టులో' దగ్గర వాక్యం ఆగలేదు, వెంటనే 'ఒక్క' అని అచ్చు వచ్చింది, విసంధి, అంటే సంధి జరగాల్సిన చోట జరగలేదు. 'ఘనమైన' కూడా గణం కోసం పిలిచిన మాటే. అక్కడ వాక్యం ముగించేస్తే సరి: "కలిసి యాడువారు కలవరపడిరయ్య". మార్టీ ఎందుకు ఆగాడో కూడా పద్యంలో ఉంటే ఇంకా బాగుండేది, కారు గంటకు 88 మైళ్లు అందుకోవాలన్న టెన్షనే ఆ సినిమాకి ప్రాణం కదా.

రెండో పూరణ:

ఎత్తులన్ని తానె యెంచి చెప్పగ వారు
బొమ్మ జరిపినారు పొమ్మనంగ;
పాచికలను నమ్ము పథకమే చెడిపోయె;
ఒక్క రోడ నెల్ల రోడినారు

నిర్వాహకుడు: తమ్ముడూ, ఇది నాకు చాలా నచ్చింది. ఇలాంటి ఆటలకున్న అసలు జబ్బు పట్టుకున్నావు. కార్డులూ పావులూ అందరి ముందూ తెరిచే ఉంటాయి కాబట్టి లెక్క బాగా వచ్చినవాళ్లు అందరి ఎత్తులూ తామే చెప్పేస్తారు, మిగతావాళ్లు వేళ్లతో పావు జరపడానికే మిగులుతారు, ఆడింది నలుగురే గాని ఆలోచించింది ఒక్కరే. అప్పుడు ఓడింది కూడా నిజంగా ఆ ఒక్కరే! సమస్యలోని 'ఒక్కరు' ఎవరో ఇంత కచ్చితంగా చెప్పిన పూరణ ఇంకోటి రాలేదు. 'పొమ్మనంగ' అన్న ఒక్క మాటలో పిల్లల ముఖాలు కనిపిస్తున్నాయి. బొ-పొ యతి కూడా ముచ్చటగా ఉంది. ఏమీ మార్చొద్దు.

ఒక సభ్యురాలు: మరి దానికి మందేమిటి అన్నయ్యా?

నిర్వాహకుడు: ఎవరి వంతులో వాళ్లదే చివరి మాట, అడిగితేనే సలహా. పెద్దవాళ్లు ఓపిక పట్టాలి, ఓడిపోతామని తెలిసినా సరే.

మూడో పూరణ:

సొరయె యొకరు కాగ తరుమువా రితరులు
ముగ్గురున్న నేమి మునిగె లెక్క
నీట దాగియుండి నెగ్గినా రెవ్వరు?
ఒక్క రోడ నెల్ల రోడినారు

పూరించినవారి వివరణ: ఇది 2019లో రావెన్స్‌బర్గర్ తెచ్చిన 'జాస్' ఆట గురించి, అదే సొరచేప సినిమా. నెగ్గింది ఒక్కరు, అంటే సొర. 'ఓడ నెల్లరు', అంటే ఓడలో ఉన్నవాళ్లందరూ ఓడారు.

మరో సభ్యుడు: విరుపు అద్భుతం గానీ విషయం తప్పింది. అందులో సొరగా ఆడే ఒకరు మిగతావాళ్లకి శత్రువు. ఇంటిల్లిపాదీ ఒకే జట్టు అన్నారు కదా?

నిర్వాహకుడు: ఆ అభ్యంతరం న్యాయమే. అయినా పద్యం విడిచిపెట్టలేను. ప్రశ్నతో మూడో పాదం ఆపి జవాబుగా సమస్యని తేవడం వల్ల విసంధి రాలేదు, సొర-తరు ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) ఉంది, ఆట మొదటి భాగంలో సొర కదలికలు రహస్యంగానే ఉంటాయి కాబట్టి 'నీట దాగియుండి' నిజం, రెండో భాగం పడవ మీదే జరుగుతుంది కాబట్టి 'ఓడ' కూడా నిజం. సొరని తరిమేవాళ్లు ముగ్గురూ తమలో తాము ఒక జట్టే. విషయానికి సగం మార్కులు, పద్యానికి నిండా.

నాలుగో పూరణ:

చిన్నదాని పావు చిక్కుకొన్నది యింక
సాయమునకు రాక సాగిపోయి
జాలి లేని జట్టు చతికిలబడిపోయె
ఒక్క రోడ నెల్ల రోడినారు

నిర్వాహకుడు: భావం మంచిది, వెనకబడ్డ పావుని వదిలేసి ముందుకెళ్తే ఈ ఆటల్లో జరిగేది ఇదే. 'యింక' మాత్రం వ్యర్థపదం. పైగా సినిమా ఎక్కడా కనబడలేదు. "చిన్నదాని పావు చిక్కె బిఫ్ఫు వలన" అంటే రెండూ తీరతాయి, గణాలు చూసుకోండి: మూడు గలాలు, ర, నల.

పూరించినవారు: సరిపోయాయండీ, మార్చేశాను. బిఫ్ పేరు పద్యంలో ఇముడుతుందని అనుకోలేదు.