లగ్గం ఫోటోలకు జూమ్ లెన్సు: సోనీదే కొనాల్నా, టామ్రాన్ సరిపోతదా?

దేవరకొండ నుంచి ప్రశ్న

అన్నలందరికీ నమస్తే. దేవరకొండ చుట్టుపక్కల ఊర్లల్ల పెండ్లి ఫోటోలు తీస్త. కెమెరా బాడీ సోనీ ఏ7 మార్క్ 3, సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న. దాంతో వచ్చిన 28-70 మి.మీ. కిట్ లెన్సుతోనే రెండేండ్లు నెట్టుకొచ్చిన. పగటి పూట ఏ తిప్పలూ లేదు. రాత్రి లగ్గాలకే వస్తున్నది బాధ.

మొన్న తెల్లారుజామున నాలుగు గంటలకు ముహూర్తం. మండపం మీద పసుపు బల్బులు తప్ప వేరే వెలుతురు లేదు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అడ్డుతెర దించిన్రు, పిల్ల తలెత్తి పిలగాని దిక్కు చూసింది. 70 దగ్గర ఐఎస్‌ఓ (చీకట్ల ఫోటో వెలుతురు పెంచే లెక్క) 6400 పెట్టినా షటర్ 1/60 సెకను దాటలే. ఫోటోల చెయ్యి కదిలింది, ముఖం మీద రవ్వ పోసినట్టు నాయిస్. ఆల్బమ్‌ల ఆ ఫోటోను చిన్నగ పెట్టి సర్దిన. వాళ్లు ఏమనలే గని నాకే మనసున పట్టలే.

ఇప్పుడు 80 వేల దాకా పెట్టగల్త. సోనీ ఖరీదైన జీఎం వరుసల 24-70 రెండో వెర్షన్ ధర దానికి రెండింతలు దాటుతున్నది. బయటి కంపెనీ టామ్రాన్‌ది 28-75 జీ2 (రెండో తరం) చేతికందేటట్టున్నది. సిగ్మా 24-70, సోనీ 24-105 ఎఫ్ 4 సెకండ్ హ్యాండ్‌ల దొరుకుతయంటున్నరు. కోఠిల ఒక దుకాణాయన "సొంత కంపెనీది కాకుంటే ఫోకస్ నమ్మలేం" అన్నడు. మా దోస్తేమో అట్లేం లేదంటడు. కిస్తుల మీద జీఎం తీసుకోవాల్నా? వాడినోళ్లు చెప్పున్రి.

నల్లగొండ నుంచి జవాబు

తమ్మీ, కిస్తుల మీద జీఎం వద్దు. పదహారేండ్లుగా లగ్గాలు తీస్తున్న. కంపెనీ లెన్సులూ వాడిన, టామ్రాన్, సిగ్మాలూ వాడిన. ఏది ఎందుకో వివరంగ చెప్త.

నీ బాధ లెన్సు మీద రాసిన పేరుతో వచ్చింది కాదు, ఎఫ్ నంబరుతో వచ్చింది. ఆ నంబరు ఎంత చిన్నగుంటే లెన్సు అంత ఎక్కువ వెలుతురు లోపలికి ఇడుస్తది. నీ కిట్ లెన్సు 70 కాడికి పోయేసరికి ఎఫ్ 5.6 అయితది. ఎఫ్ 2.8 అంటే దానికన్నా రెండు స్టాపులు ఎక్కువ, అంటే నాలుగింతల వెలుతురు. అదే మండపం, అవే బల్బులు, అదే 6400 మీద నీ 1/60 షటర్ 1/250 అయితది. 1/125 చాలనుకుంటే ఐఎస్‌ఓ 3200కు దిగొచ్చు. ఈ నాలుగింతలు జీఎంలనూ అంతే, టామ్రాన్‌లనూ అంతే.

24-105 ఎఫ్ 4 నేను మూడేండ్లు వాడిన, మంచి లెన్సు. ఎదుర్కోళ్లకు, పగటి పెండ్లికి అంత వాటమైనది ఇంకోటి లేదు. దాంట్ల స్టెబిలైజేషన్ కూడ ఉన్నది. అయితే స్టెబిలైజేషన్ నీ చేతి వణుకునే ఆపుతది, తలంబ్రాలు పోసే చేతులను ఆపదు. నీకు చిక్కు వస్తున్నది రాత్రి ముహూర్తానికి కాబట్టి దాన్ని పక్కకు పెట్టు.

ఇగ ఫోకస్ సంగతి. దుకాణాయన అన్న మాట వెనకటికి నిజమే. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరాల) కాలంల కేనన్, నికాన్ బాడీలు లెన్సుతో ఏ భాషల మాట్లాడుతయో బయటి కంపెనీలకు చెప్పకపోయేవి. వాళ్లే విప్పి చూసి, ఊహించి తయారు చేసుకునేది. కొత్త బాడీ వచ్చినప్పుడల్ల ఒక్కో పాత లెన్సు మొరాయించేది. నా దగ్గరున్న ఒక జూమ్ ఎప్పుడూ ముక్కు మీద ఫోకస్ పట్టి కండ్లను మసక చేసేది. బాడీల ఫైన్ ట్యూన్ పెట్టి సరిచేసే దాక ఒక సీజన్ అంత నిద్ర లేదు.

సోనీ కథ వేరు. లెన్సు తగిలించే తన ఈ-మౌంట్ ప్రాథమిక వివరాలను ఆ కంపెనీ 2011లనే బయటి లెన్సు కంపెనీలకు ఇచ్చింది. టామ్రాన్, సిగ్మా ఈ-మౌంట్ లెన్సులు ఆ పద్ధతిల తయారైనవే. పైగ నీ ఏ7 లాంటి మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేని) బాడీ ఫోకస్‌ను సెన్సరు మీదనే చూస్తది కాబట్టి ఆ ముందు ఫోకస్, వెనక ఫోకస్ గొడవే లేదు. కన్ను పట్టే ఫోకస్ టామ్రాన్ మీద కూడ పని చేస్తది. మండపం కాడ రెండింటికీ తేడా నా కంటికైతే కనపడలే. బరాత్‌ల గుర్రం మీద ఊగుకుంట వచ్చే పెండ్లికొడుకును తీసేటప్పుడు జీఎం కొంచెం ముందుంటది. ఆ కొంచెం కోసం లక్ష రూపాయల పైన ఎక్కువ పెట్టాల్నా అన్నది నీ లెక్క. నా లెక్కల అక్కరలేదు.

అసలు జర ఆలోచించాల్సింది 24కు, 28కి నడుమ తేడా గురించి. వినడానికి నాలుగు మిల్లీమీటర్లే. చూపు కోణం మాత్రం 84 డిగ్రీల నుంచి 75కు పడిపోతది. ఫంక్షన్ హాల్‌ల ఒకటి రెండు అడుగులు వెనక్కి జరిగితే సరిపాయె. పెండ్లిపిల్లను తయారు చేసే అర్రల వీపు గోడకు ఆనినంక ఇంకెక్కడికి జరుగుతవు? అత్తలు, మేనత్తలు, పక్కింటోళ్లు అందరూ ఆ ఒక్క అర్రలనే ఉంటరు. నీ కిట్ లెన్సు కూడ 28యే కాబట్టి నీకు ఆ ఇరుకు అలవాటై ఉంటది. ఒక పని చెయ్. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌ల పాత పెండ్లి ఒకటి తెరిచి, మెటాడేటా ఫిల్టర్‌ల ఫోకల్ లెంగ్త్ పెట్టి చూడు. 28 దగ్గర ఎన్ని తీసినవు, వాటిల ఎన్నింటిల అంచు మనుషులు సగం తెగిన్రు? లెక్క ఎక్కువ వస్తే సిగ్మా 24-70 డీజీ డీఎన్ దిక్కు చూడు. అది కూడ ఎఫ్ 2.8యే. తక్కువ వస్తే టామ్రాన్ తీసుకుని నిమ్మలంగ ఉండు.

బరువు కూడ చూసుకో. టామ్రాన్ జీ2 540 గ్రాములు, సిగ్మా మొదటి వెర్షన్ 830 దరిదాపుల ఉంటది. సాయంత్రం ఆరింటికి మెడల వేసుకున్న కెమెరా అప్పగింతలయ్యే దాక దిగదు. మూడొందల గ్రాముల తేడా అప్పుడు తెలుస్తది.

మహబూబ్‌నగర్ నుంచి

నల్లగొండ అన్న చెప్పింది లగ్గాల వరకు పూర్తిగ ఒప్పుకుంట. నేను పక్షులు, అడవి తీస్త. జూరాల నీళ్ల కాడ, ఫర్హాబాద్ దిక్కు తిరుగుత. ఆ పనికి లెక్క కొంచెం మారుతది.

సోనీ ఏ9, ఏ1 లాంటి వేగం బాడీల మీద బయటి లెన్సు పెడితే కదిలేదాన్ని వెంటాడే ఫోకస్‌తో సెకనుకు 15 ఫోటోలు దాటనీయదు. దూరపువాటిని ఇంక దగ్గరికి తెచ్చే సోనీ టెలికన్వర్టర్లు కూడ టామ్రాన్, సిగ్మా ఈ-మౌంట్ లెన్సులకు ఎక్కవు. కొంగ రెక్క విప్పి లేచేటప్పుడు నాకు ఇవి రెండూ పట్టింపే, అందుకే 200-600 సోనీదే తీసుకున్న. దేవరకొండ తమ్ముని ఏ7 మార్క్ 3 బాడీయే సెకనుకు పదికి మించదు. ఆయనకు ఈ అడ్డు తగలనే తగలదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో తమ్ముడూ. రేపు ఏ7 మార్క్ 4కు మారి వీడియోలు కూడ తీస్తానంటే, దాంట్ల ఫోకస్ మారినప్పుడు ఫ్రేము ఉబ్బి తగ్గకుండ చేసే బ్రీథింగ్ కాంపెన్సేషన్ ఉన్నది. అది కొన్ని సోనీ లెన్సులతోనే నడుస్తది.

సూర్యాపేట నుంచి

సార్, మధ్యల అడుగుతున్నందుకు ఏమనుకోకున్రి. నాది కేనన్ ఆర్6. నాకు కూడ ఇదే సలహానా?

నల్లగొండ నుంచి

కాదు. బాడీ మారితే జవాబు మారుతది. కేనన్ ఆర్ఎఫ్ మౌంట్ 2018ల వచ్చింది, సిగ్మా, టామ్రాన్‌లకు 2024ల గని తలుపు తెరుచుకోలే. అదీ ఏపీఎస్-సీ (చిన్న సెన్సరు) లెన్సులతోనే మొదలైంది, నీ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) బాడీకి అవి పనికి రావు. నీకు సులువు దారి పాత ఈఎఫ్ మౌంట్ 24-70 ఎఫ్ 2.8 ఒకటి సెకండ్ హ్యాండ్‌ల తీసుకుని కేనన్ అడాప్టర్‌తో పెట్టుకోవడం. కేనన్‌ది దొరికితే ముందు దాన్నే చూడు. బయటి కంపెనీది అయితే నీ సొంత బాడీ మీద పెట్టి, గంట సేపు తీసి చూడకుండ పైసలియ్యకు.

నికాన్ వాళ్లకు ఇంకో సంగతి. జెడ్ మౌంట్‌కు నికాన్ పేరు మీదనే 28-75 ఎఫ్ 2.8 ఉన్నది. 12 గ్రూపుల్లో 15 అద్దాలు, ఫిల్టర్ 67. టామ్రాన్ 28-75 మొదటి వెర్షన్ లెక్క కూడ అచ్చం అదే. బయటి కంపెనీ లెన్సంటే నాసి సరుకు అని నా దగ్గరికి వచ్చే పిలగాండ్లకు ఎవరన్న చెప్తే, ఈ రెండు లెన్సుల వివరాలు పక్కపక్కన పెట్టి చూపిస్త.

దేవరకొండ నుంచి మళ్ళీ

అన్నా, మస్తు ధన్యవాదాలు. లైట్‌రూమ్‌ల మూడు పెండ్లిళ్లు చూసిన. 28 దగ్గర తీసినవి ఉన్నయి గని, మనుషులు తెగినవి ఒక్కో పెండ్లికి పది పన్నెండు కూడ లేవు. ఎక్కువ ఫోటోలు 50 నుంచి 70 నడుమనే. అంటే టామ్రానే అన్నట్టు. రేపు ఐతారం కోఠికి పోతున్న. దుకాణంల ఏం చూసుకోవాలె? ఒకతను ఇంపోర్టు పీసు ఆరు వేలు తక్కువకు ఇస్తనంటున్నడు.

నల్లగొండ నుంచి

ఇంపోర్టు పీసు జోలికి పోకు. ఇది నేను పైసలు పోగొట్టుకుని చెప్తున్న మాట. ఏడేండ్ల కింద ఒక పెద్ద కంపెనీ సొంత లెన్సునే బిల్లు లేకుండ, తక్కువకు వస్తున్నదని తీసుకున్న. మాఘమాసం లగ్గాల నడుమ ఫోకస్ మోటరు ఆగిపోయింది. సర్వీసుకు తీస్కపోతే "ఇది ఇండియాకు వచ్చిన పీసు కాదు, వారంటీ ఇయ్యరాదు" అన్నరు. మిగిలిన ఏడు లగ్గాలకు లెన్సు కిరాయికి తెచ్చిన. ఆ కిరాయి, మోటరు ఖర్చు కలిపితే నేను మిగిలించుకున్న దానికి మూడింతలైంది. లెన్సు ఏ కంపెనీదైనా సరే, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించు. డబ్బా మీదిది, లెన్సు మీదిది, బిల్లు మీదిది మూడూ కలవాలె. వారంటీ కార్డు మీద ఇండియా డిస్ట్రిబ్యూటర్ పేరుండాలె.

ఇగ పరీక్ష. ఒకే మోడల్‌ల కూడ పీసుకు పీసుకు తేడా వస్తది, కంపెనీ లెన్సుల్ల కూడ వస్తది. లోపల అద్దం వెంట్రుకవాసి ఒరిగినా ఒక మూల మసక పడుతది. దాన్ని పట్టడానికి నేను చేసే పని చెప్త. ఇంటి నుంచి తెలుగు పేపర్లు నాలుగైదు, చిన్న ప్రకటనల పేజీలు ఉన్నవి తీస్కపో. దుకాణం గోడకు ఒకదాని పక్కన ఒకటి చదునుగ టేపుతో అంటించు. నడుమ ఒకటి, నాలుగు మూలలకు నాలుగు పడాలె. కెమెరాను స్టాండ్ మీద గోడకు సమానంగ పెట్టి, ఎఫ్ 2.8ల, రెండు సెకన్ల టైమర్‌తో తియ్. 28ల, 50ల, 75ల తియ్. తరువాత స్క్రీన్ మీద పెద్దగ చేసి మూలల అక్షరాల కింద ఒత్తులు చూడు. క వత్తు, త వత్తు, య వత్తు వేరువేరుగ చదవొస్తున్నయా? నాలుగు మూలలూ కొంచెం మెత్తగ ఉంటే అది లెన్సు గుణం, ఎఫ్ 4కు పోతే సర్దుకుంటది. మూడు మూలల చదవొచ్చి ఒక్క మూలల ఒత్తు ముద్దగ కనపడితే ఆ పీసు వద్దు, ఇంకోటి తియ్యమను. ఇంగ్లీషు అక్షరాలు మసకలో కూడ చదవొస్తయి, మన ఒత్తులు చదవరావు. అందుకే తెలుగు పేపరే తీస్కపో.

అటెన్క సెల్‌ఫోన్ టార్చి వెనక నుంచి కొట్టి లోపలికి చూడు. ఒకటి రెండు దుమ్ము రేణువులకు భయపడకు. సాలెగూడు లెక్క సన్నని దారాలు కనపడితే అది ఫంగస్. కొత్తదాంట్ల ఉండదు, సెకండ్ హ్యాండ్ అయితే తప్పక చూడాలె. మన దిక్కు వానాకాలంల బ్యాగుల పెట్టి మరిచిపోయిన లెన్సులకే ఎక్కువ పడుతది. గాలి పోని స్టీలు డబ్బాల సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకో, రంగు మారినప్పుడు వేడి చేసి మళ్ళీ వేసుకో.

దుమ్ము గురించి కూడ ఒక మాట. జూమ్ చేస్తే గొట్టం ముందుకు సాగే లెన్సు ఇది, సాగినప్పుడల్ల గాలిని గుంజుతది. చెర్వుగట్టు జాతరకు పోతే అగ్నిగుండాల కాడ బూడిద, మట్టి రెండూ లేస్తయి. మౌంట్ కాడ రబ్బరు రింగు ఉన్నది, అయినా అక్కడ లెన్సు విప్పకు. ఇంటికొచ్చి గొట్టం పూర్తిగ సాపి, పొడి బట్టతో తుడిచినంకనే మూసెయ్.

మహబూబ్‌నగర్ నుంచి

ఇంకొక్కటి కలుపుత. జీ2కు పక్కన యూఎస్‌బీ సీ పోర్టు ఉన్నది. కొనంగనే కంప్యూటర్‌కు తగిలించి ఫర్మ్‌వేర్ (లెన్సు లోపలి సాఫ్ట్‌వేర్) చూసుకో. బాడీ ఫర్మ్‌వేర్ మార్చిన ప్రతిసారి లెన్సుది కూడ చూడు. బయటి లెన్సులకు వచ్చే చిన్న చిన్న ఫోకస్ చిక్కులు చాన మట్టుకు అక్కడనే తీరుతయి.

దేవరకొండ నుంచి, పది రోజుల తరువాత

అన్నా, తెచ్చిన. మొదటి పీసుల ఎడమ దిక్కు కింది మూల "అమ్మకానికి ఇల్లు" అన్న ప్రకటనల మ వత్తు ముద్దగ వచ్చింది, మిగతా మూడు మూలలు బాగున్నయి. దుకాణాయన ముందు ఒప్పుకోలే, స్క్రీన్ మీద చూపిస్తే ఇంకో డబ్బా విప్పిండు. రెండోదాంట్ల నాలుగు మూలలూ సమానం, అదే తీసుకున్న. బిల్లు మీద నంబరు రాయించిన.

మొన్న కొండమల్లేపల్లిల రాత్రి లగ్గం. అడ్డుతెర దించినప్పుడు 75 దగ్గర, ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 3200, షటర్ 1/125. పిల్ల కంటి రెప్పకు అంటుకున్న జీలకర్ర గింజ కూడ కనపడుతున్నది. ఈసారి ఆల్బమ్‌ల రెండు పేజీలు కలిపి అదొక్కటే పెట్టిన. ఇద్దరినీ పక్కపక్కన తీసినప్పుడు మాత్రం పిల్ల కండ్లు మంచిగొచ్చినయి, పిలగానివి మసకబారినయి. ఇది లెన్సు తప్పా, నా తప్పా?

నల్లగొండ నుంచి

ఎవ్వరి తప్పూ లేదు తమ్మీ. దగ్గర నుంచి 75ల ఎఫ్ 2.8 పెడితే ఫోకస్ పట్టే లోతు చాన తక్కువ ఉంటది. ఇద్దరు వేరువేరు దూరంల కూసుంటే ఒక్కరే పడుతరు. ఒక్క ముఖానికి 2.8, ఇద్దరికి 4, చుట్టాలందరు నిలబడితే 5.6 పెట్టి ఫ్లాష్ కొట్టు. ఫిల్టర్ కొనేటప్పుడు 67 మి.మీ. అడుగు, టామ్రాన్ 70-180కి కూడ అదే సరిపోతది.